పాట వెంట వచ్చే మాట
నందికొండ తండాల పసివారికి తెలుగు నేర్పే దారి

కృష్ణానది కొండల నడుమ ఒదిగి పారే చోట నందికొండ ఉన్నది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచారు. ఈ రెండు తేదీల నడుమ గడచిన పన్నెండేళ్ళలో వేలాది చేతులు రాయిమీద రాయి పేర్చి ఆ మహానిర్మాణాన్ని నిలబెట్టాయి. ఇంజనీరు మాట్లాడే భాష ఒకటి, మేస్త్రి పలికే యాస మరొకటి, రాళ్ళు మోసే కూలీ నోట పలికే మాట ఇంకొకటి. అన్నీ కలిసి ఒక్క పని జరిగింది.

ఈ నేలకు ఇది కొత్త కాదు. సాగర జలాలు కప్పివేసిన ఆ లోయలోనే ఒకప్పుడు ఇక్ష్వాకుల విజయపురి వెలసి ఉండేది. క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో అక్కడ రాళ్ళపై చెక్కిన భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళం నుండి వచ్చిన ఆచార్యుల ప్రస్తావన ఉన్నది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, ద్రమిళ దేశం మొదలైన పేర్లు ఒకే శిలపై వరుసగా కనిపిస్తాయి. ఇన్ని దేశాల వారు వచ్చి కలిసిన చోట ఎన్ని భాషలు వినిపించి ఉంటాయో ఊహించుకొనవచ్చు. మరుగున పడిన ఈ చరిత్ర మళ్ళీ వెలుగు చూడడానికి కారకుడు ఒక బడిపంతులు కావడం ఉపాధ్యాయులందరూ గర్వించదగిన విషయం. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆ తరువాతనే శాసన పరిశోధకులు వచ్చారు, తవ్వకాలు జరిగాయి. తనకు తెలియని లిపిని పిచ్చిగీతలని తోసివేయక, అందులో ఏదో అర్థం ఉన్నదని గ్రహించడం ఆ పంతులుగారి గొప్పతనం.

నేటి నందికొండ చుట్టుపక్కల బడులలో పనిచేసే ఉపాధ్యాయుని ముందు కూడా అట్టి పరీక్షే ఒకటి ఉన్నది. అది రాతిమీది రాత కాదు, పసివాని నోటిమాట. పెద్దవూర, తిరుమలగిరి, చందంపేట, దేవరకొండ ప్రాంతాలలో కొండవాలులందు, మెట్టచేలనడుమ లంబాడీ తండాలు ఎన్నో ఉన్నాయి. తెలంగాణలోని గిరిజన తెగలలో సంఖ్యలో పెద్దది లంబాడీలదే. 2011 జనాభా లెక్కల ప్రకారం వారు సుమారు 20 లక్షలు. తండాలో పుట్టిన బిడ్డ ఉగ్గుపాలతో నేర్చినది గోర్ బోలీ. అయిదారేళ్ళ వయసులో బడి గడప దాటగానే ఆ బిడ్డ చెవినిబడే భాష తెలుగు. గడపకు ఇవతల మాటకారి అయినవాడు గడపకు అవతల మూగవాడవుతున్నాడు.

బిడ్డ తెచ్చిన మూట

లంబాడీలు పూర్వం ఎద్దులమీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన వర్తకులు. రైళ్ళూ బాటలూ వచ్చిన తరువాత ఆ వృత్తి క్షీణించి, ఎక్కడివారక్కడ స్థిరపడ్డారు. వారి భాష రాజస్థానీ భాషలకు దగ్గరి చుట్టం, ఆర్యభాషా కుటుంబానికి చెందినది. తెలుగు ద్రావిడ భాష. గోర్ బోలీకి ప్రత్యేకమైన లిపి లేదు. మన ప్రాంతంలో దానిని తెలుగు లిపిలో వ్రాస్తున్నారు.

బడికి వచ్చే లంబాడీ బిడ్డ వట్టి చేతులతో రాదు. తల్లిని యాడి అంటుంది, రొట్టెను బాటి అంటుంది, నీటిని పాణి అంటుంది. ఏక్, తీన్, చార్, పాంచ్ అని లెక్క పెట్టగలదు. మేకను తోలగలదు, చెల్లెలిని ఎత్తుకొని జోకొట్టగలదు, అమ్మమ్మ చెప్పిన కథను తిరిగి చెప్పగలదు. ఇంత సంపద మూటగట్టుకొని వచ్చిన బిడ్డను చూసి, 'వీనికి ఏమీ రాదు' అని హాజరుపట్టీ పక్కన మనసులో వ్రాసుకొనే ఉపాధ్యాయుడు తొలిరోజే పొరబడుతున్నాడు. వానికి రానిది తెలివి కాదు, తెలుగు.

ఈ రెండు భాషల నడుమ పొంచి ఉన్న చిక్కులు కొన్ని చాలా చిన్నవి, కాని పసివానికి చాలా పెద్దవి. గోర్ బోలీలో ముక్కును నాక్ అంటారు. ఉపాధ్యాయుడు 'నాకు చూపించు' అంటే బిడ్డ చేయి తన ముక్కుమీదకు పోవడంలో వింత ఏమున్నది? కాన్ అంటే చెవి. 'కన్ను ఏది?' అని అడిగితే ఆ బిడ్డ చెవి పట్టుకొనవచ్చు. చార్ అంటే నాలుగు. మధ్యాహ్న భోజనం వేళ 'చారు కావాలా?' అన్న ప్రశ్న ఆ చెవికి లెక్కల ప్రశ్నగా వినబడవచ్చు. ఆట్ అంటే ఎనిమిది, మనకు ఆట అంటే వేరు. ఈ పోలికలు తెలియని ఉపాధ్యాయునికి బిడ్డ సమాధానం మందబుద్ధిగా తోస్తుంది. తెలిసినవానికి అదే సమాధానం, బిడ్డ శ్రద్ధగా విని తనకు తెలిసిన అర్థాన్ని వెదకుకొన్నదనడానికి నిదర్శనం.

మరొక భేదం ఉచ్చారణకు సంబంధించినది. తెలుగు అజంతభాష, మన మాటలు చాలా వరకు అచ్చుతో ముగుస్తాయి. ఘర్, హాత్, కాన్ వంటి గోర్ బోలీ మాటలు హల్లుతో ఆగిపోతాయి. కనుక తెలుగు మాట చివరి అచ్చును మింగివేయడం తండా బిడ్డలకు సహజం. దీనిని బెత్తంతో సరిదిద్దలేము. పాట సరిదిద్దగలదు. ఎందుకంటే పాటలో రాగం సాగేది ఆ చివరి అచ్చు మీదనే. 'కొండా, బండా, ఎండా' అని సాగదీసి పాడే బిడ్డ తనకు తెలియకుండానే తెలుగు మాటను నిండుగా ముగించడం నేర్చుకొంటుంది.

పాట ఎందుకు?

కొత్త భాషలోకి ప్రవేశించే బిడ్డ మొదట చాలాకాలం వింటుంది, మాట్లాడదు. కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు ఈ మౌనం సాగుతుంది. బిడ్డ ఆ కాలంలో మాటలను లోపల పోగుచేసుకొంటున్నది. ఈ సంగతి తెలియని బడి ఆ మౌనాన్ని ప్రశ్నలతో పొడుస్తుంది. పదిమంది ఎదుట ఒంటరిగా నిలబెట్టి 'చెప్పు' అంటుంది. చెప్పలేకపోయిన బిడ్డ సిగ్గుపడుతుంది. సిగ్గు భయమై, భయం గైరుహాజరై, చివరకు బడి మానడానికి దారి తీస్తుంది.

పాట ఒంటరిగా పాడేది కాదు. ముప్పై గొంతులలో ఒక గొంతు తడబడినా ఎవరికీ వినబడదు. ఈరోజు చివరి మాట మాత్రమే అందుకొన్న బిడ్డ రేపు సగం చరణం అందుకొంటుంది, ఎల్లుండి మొత్తం పాడుతుంది. తప్పు చేసే స్వేచ్ఛ దొరికిన చోట నేర్చుకోవడం సులువు. ఇది పాటవల్ల కలిగే మొదటి మేలు.

రెండవది పునరుక్తి. ఒకే వాక్యాన్ని ఇరవైసార్లు చెప్పమంటే పిల్లలకు విసుగు. అదే వాక్యం పల్లవి అయితే ఇరవై ఒకటవసారి కూడా వారే అడిగి పాడుకొంటారు. మూడవది చేష్ట. పాటతో పాటు చేయి ఆడుతుంది, కాలు కదులుతుంది, మాటకు అర్థం శరీరంలోనే కనబడుతుంది. 1960లలో అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కొత్త భాషలోని ఆజ్ఞను విని దానికి తగిన పని చేస్తూ నేర్చుకొన్నవారికి మాటలు బాగా గుర్తుంటాయని ప్రయోగాలు చేసి చూపాడు. చెమ్మచెక్క ఆడిన మన ఆడపిల్లలకు ఈ సత్యం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అయితే ఏ పాట? సినిమా పాట వినసొంపుగా ఉండవచ్చు, కాని దానిలోని మాటలు బిడ్డ చేతికి అందవు. సంస్కృత సమాసాలతో నిండిన ప్రార్థనాగీతం పెద్దల చెవికి ఇంపు, తొలిమెట్టున ఉన్న పసివానికి వట్టి ధ్వని. మొదటి పాటలలో ఉండవలసినవి బిడ్డ వేలు పెట్టి చూపగల వస్తువులు, చేసి చూపగల పనులు. పాట వ్రాయడానికి ఉపాధ్యాయుడు కవి కానక్కరలేదు. ప్రశ్నా జవాబుల వరుసలో ఇట్టి నాలుగు పంక్తులు ఎవరైనా కట్టుకొనవచ్చు:

కన్నూ కన్నూ, ఏం చేస్తావు? – కొండను చూస్తాను.
చెవీ చెవీ, ఏం చేస్తావు? – గువ్వల పాట వింటాను.
ముక్కూ ముక్కూ, ఏం చేస్తావు? – పూల వాసన చూస్తాను.
చేయీ చేయీ, ఏం చేస్తావు? – చెంబుతో నీళ్ళు తెస్తాను.

ఇందులో కవిత్వం లేదు, కాని పాఠం ఉన్నది. సగం తరగతి అడుగుతుంది, సగం తరగతి జవాబు చెబుతుంది. కన్నుకూ చెవికీ నడుమ ఉన్న చిక్కు తొలి రెండు పంక్తులలోనే విడిపోతుంది. నాలుగు అవయవాలు, నాలుగు వస్తువులు, నాలుగు క్రియలు తెలియకుండా నోటికి వస్తాయి. 'చూస్తాను, వింటాను, తెస్తాను' అన్న క్రియారూపం వ్యాకరణం పేరెత్తకుండానే పట్టుబడుతుంది. గోర్ బోలీలోనూ తెలుగులోనూ క్రియ వాక్యం చివరనే వస్తుంది కనుక వాక్యపు నడక బిడ్డకు పరాయిగా తోచదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాట నోటికి వచ్చినంతమాత్రాన భాష వచ్చినట్లు కాదు. అర్థం తెలియకుండా పాడే బిడ్డ చిలుకపలుకులు పలుకుతున్నట్లే లెక్క. దీనికి పరీక్ష ఒకటే, మాట మార్చి చూడడం. 'కొండను చూస్తాను' అని పాడిన బిడ్డ, ఉపాధ్యాయుడు మేకను చూపినప్పుడు 'మేకను చూస్తాను' అనగలిగితే మాట వచ్చినట్లు. అనలేకపోతే రాగం మాత్రమే వచ్చినట్లు. ప్రతి పాటా పిల్లలు తమంతట తాము ఒక కొత్త పంక్తి చేర్చేవరకు పూర్తి కాదని ఉపాధ్యాయుడు నియమం పెట్టుకోవడం మంచిది.

మన దారిలో ముందు నడచినవారు

పరభాష మాట్లాడే బిడ్డలకు చదువు చెప్పడం ఎట్లాగన్న ప్రశ్నకు తెలుగువారిలో మొట్టమొదట మనసారా సమాధానం వెదకిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని ఆ ఉద్యమానికి ముందే పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉండగా ఆయన కొండలలోని సవరల భాషను పట్టుదలతో నేర్చుకొన్నారు. వారి పాటలను, కథలను సేకరించారు. సవర భాషలో వాచకాలు సిద్ధం చేశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. ప్రభుత్వం బహుమానంగా డబ్బు ఇవ్వబోతే, దానిని సవరల బడులకు వినియోగించమని కోరారు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం నేటికీ భాషాశాస్త్రజ్ఞులకు ప్రమాణగ్రంథం.

గిడుగువారి బోధనలోని కీలకం గమనించదగినది. బిడ్డ తన భాషను వదలి గురువు భాషలోకి రావలెనని ఆయన కోరలేదు. గురువే ముందు బిడ్డ భాషలోకి వెళ్ళాడు. ఆగస్టు 29న ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనే బడులన్నీ, తెలుగు కోసం పోరాడిన ఆ మనిషి మరొక చిన్న భాషకు కూడా అంతే గౌరవమిచ్చాడని పిల్లలకు చెప్పడం న్యాయం.

కథల శక్తిని చాటినవారిలో గుజరాతుకు చెందిన గిజుభాయి బధేకా అగ్రగణ్యుడు. 1920లో భావనగర్‌లో ఆయన బాలమందిరం స్థాపించారు. ఆయన వ్రాసిన 'దివాస్వప్న'లోని ఉపాధ్యాయుడు తరగతిలో పాఠం బదులు కథతో ఆరంభిస్తాడు. అల్లరి తరగతి నిశ్శబ్దమై వింటుంది. తెలుగునాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పాటలతో, కథలతో, నాటికలతో ఒక తరం పిల్లలకు భాషను వినోదంగా అందించారు. 1945లో వారు ఆరంభించిన 'బాల' పత్రిక పిల్లల మాటకు అచ్చులో చోటు ఇచ్చింది.

స్పానిషు నేర్పే పాఠం

ఇదే సమస్య భూగోళానికి ఆవలివైపున మరొక రూపంలో కనిపిస్తుంది. మెక్సికో దేశంలో రాజ్యభాష స్పానిషు. కొండప్రాంతాల పిల్లలు మాట్లాడే భాషలు వేరు. అక్కడి మిచోకాన్ రాష్ట్రంలోని పురేపెచా పిల్లలు బడికి వెళ్ళి, అర్థంకాని స్పానిషులో అక్షరాలు దిద్ది, ఏమీ రాకుండానే తిరిగి వచ్చేవారు. 1939లో మోరిస్ స్వాదేశ్ అనే భాషాశాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో అక్కడ ఒక ప్రయోగం జరిగింది. పిల్లలకు ముందు వారి భాషలోనే చదువను, వ్రాయను నేర్పి, ఆ తరువాత స్పానిషులోకి నడిపించారు. తమ భాషలో చదవడం వచ్చినవారికి రెండవ భాషలో చదవడం సులువైంది. ఆ ప్రయోగం కొద్దికాలమే సాగినా, దాని అనుభవం వృథా పోలేదు. 1953లో యునెస్కో ప్రచురించిన దేశభాషల విద్యావినియోగ నివేదికలో దానికి స్థానం దొరికింది. పసివానికి చదువు చెప్పడానికి మాతృభాషే ఉత్తమ సాధనమని ఆ నివేదిక నిర్ద్వంద్వంగా ప్రకటించింది.

స్పానిషు భాషలోనే బాలగేయానికి సాహిత్య గౌరవం తెచ్చిన గాబ్రియేలా మిస్త్రాల్ కూడా ఒక బడిపంతులమ్మే. చిలీ దేశపు పల్లెబడులలో పనిచేసిన ఆమెను 1922లో మెక్సికో ప్రభుత్వం విద్యాసంస్కరణల కోసం ఆహ్వానించింది. 1924లో ఆమె బాలగేయాల సంపుటి వెలువడింది. 1945లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లలు చేతులు పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ పాడే పాటలను స్పానిషులో రోండాలంటారు. ఆమె అట్టివి ఎన్నో వ్రాశారు. మన తండాలలో ఆడవారు వలయంగా చేరి అడుగులు వేస్తూ పాడే తీరును చూసినవారికి ఆ రోండాలు పరాయి వస్తువులుగా తోచవు.

నేడు పసిపిల్లలకు స్పానిషు నేర్పే ఉపాధ్యాయులు కూడా తొలి మాటలను పాటతో, కథతోనే నేర్పుతారు. తెలుగు పిల్లలకు ఆ భాష నేర్పదలచినవాడు ఎక్కడ మొదలు పెట్టవలె? సపోటాతో మొదలు పెట్టవచ్చు. టమాటాతో మొదలు పెట్టవచ్చు. ఈ రెండు మాటలూ మెక్సికో ఆదివాసుల భాష నుండి స్పానిషులోకి వెళ్ళి, అక్కడినుండి దేశదేశాలు తిరిగి మన పెరటికి వచ్చినవే. పిల్లవాడు 'ఈ మాట నాకు ముందే తెలుసు' అని సంతోషించిన క్షణాన కొత్త భాష సగం పరాయితనాన్ని పోగొట్టుకొంటుంది.

తండా బిడ్డకు తెలుగు నేర్పేటప్పుడు కూడా ఇట్టి వంతెనలు వెదకవలె. హైదరాబాదులోని చార్మినార్ పేరు తెలియని పిల్లలు అరుదు. ఆ పేరులోని చార్ తమ నాలుగేనని తెలిసిన లంబాడీ బిడ్డ ముఖం వికసిస్తుంది. తీన్మార్ డప్పు దరువులో తమ తీన్ ఉన్నదని తెలిసినప్పుడు తెలుగు పిల్లలు కూడా ఆ బిడ్డవైపు కుతూహలంతో చూస్తారు. పరాయివాడని తలచిన పిల్లవాడు ఒక్క మాటతో తరగతికి గురువు అవుతాడు.

కథను ముమ్మారు చెప్పడం

పాట మాటను ఇస్తుంది, కథ మాటకు పని కల్పిస్తుంది. రెండవ భాష నేర్చేవారికి అన్ని కథలూ ఒక్కటిగా పనికిరావు. గొలుసుకట్టు కథలు అన్నింటికంటె మేలైనవి. ఏడు చేపల కథ తెలియని తెలుగు బిడ్డ లేడు. ఒక చేప ఎండకపోవడానికి కారణం వెదకుతూ కథ గడ్డిమోపు నుండి ఆవుకు, ఆవు నుండి కాపరికి, అట్లా ఒకరినుండి ఒకరికి సాగి చివరకు చీమను చేరుతుంది. అడిగే ప్రశ్న ఒకే అచ్చులో ఉంటుంది, మారేది పేరు మాత్రమే. కనుక మూడవ ప్రశ్నకు వచ్చేసరికి భాష రాని బిడ్డ కూడా తరువాతి ప్రశ్నను ఊహించి అందుకొంటుంది. తరతరాల అమ్మమ్మలు నిర్మించిన ఈ బోధనాయంత్రాన్ని మించినది ఏ శిక్షణ కళాశాలా తయారు చేయలేదు.

కథను మూడుసార్లు మూడు విధాలుగా చెప్పడం మంచి పద్ధతి. మొదటిసారి గోర్ బోలీలో చెప్పించవలె. ఉపాధ్యాయునికి ఆ భాష రాకపోతే తండాలోని ముసలమ్మను పిలవవచ్చు, లేదా అయిదవ తరగతి చదివే లంబాడీ పిల్లకు ఆ పని అప్పగించవచ్చు. ఇప్పుడు కథ ఏమిటో బిడ్డకు తెలుసు. రెండవసారి తెలుగులో, బొమ్మలతో, అభినయంతో ఉపాధ్యాయుడు చెబుతాడు. కథ తెలిసినదే కనుక బిడ్డ శ్రమ అంతా మాటలమీదనే నిలుస్తుంది. మూడవసారి పిల్లలే పాత్రలై ఆడతారు. ఒకరు చేప, ఒకరు ఆవు, ఒకరు చీమ. చీమ వేషం వేసిన బిడ్డ పలికేది ఒక్క వాక్యమే కావచ్చు, కాని ఆ వాక్యం ఆ బిడ్డ జన్మలో మరచిపోదు.

కథావస్తువు ఎప్పుడూ బయటినుండే తేవలసిన పని లేదు. లంబాడీలు వర్షాకాలంలో తీజ్ పండుగ చేసుకొంటారు. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టలలో మట్టి నింపి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ పాటలు పాడతారు. చివరిరోజున ఆ పచ్చని మొలకలను నీట కలుపుతారు. బుట్ట, మట్టి, గోధుమ, నీరు, మొలక, ఆకుపచ్చ, తొమ్మిది, పండుగ అన్న మాటలన్నీ ఒక్క పండుగలోనే ఒదిగి ఉన్నాయి. తరగతి గదిలో ఒక చిన్న బుట్ట పెట్టి గింజలు చల్లితే చాలు. తొమ్మిది రోజుల పాఠం తనంతట తానే మొలకెత్తుతుంది. 'ఈరోజు ఏం చూశాం?' అన్న ప్రశ్నకు ప్రతిరోజూ ఒక కొత్త వాక్యం పుడుతుంది. తమ ఇంటి పండుగ బడిలో అడుగు పెట్టినదని తెలిసిన తల్లిదండ్రులు బడిని తమదిగా తలుస్తారు.

వారానికి పది పన్నెండు మాటలకు మించి నేర్పబూనడం తొందరపాటు. నేర్పిన మాట పాటలో ఒకసారి, కథలో ఒకసారి, ఆటలో ఒకసారి, భోజనపు వేళ ఒకసారి వినబడవలె. నాలుగు చోట్ల కలిసిన మనిషిని ఎవరూ మరచిపోరు, మాట కూడా అంతే.

చట్టం చెప్పినది, బడి చేయవలసినది

ఈ విషయంలో చట్టాలకు కొదవ లేదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించవలెనని చెబుతున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన జరగవలెనని పేర్కొన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం అదే మాట మరల చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కొండ, కువి, కోయ, కొలామి, గోండి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో గిరిజన బాలలకు బహుభాషా విద్య ఆరంభమైంది. తెలుగు లిపిలో ఆయా భాషల వాచకాలు వచ్చాయి. బిడ్డ తన భాషతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా తెలుగులోకి రావడం దాని ఆశయం.

ఇప్పుడు చిక్కు మరొక పేట పెరిగింది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరం నుండి ఆంగ్ల మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లం. తెలుగు ఇంటిబిడ్డకు ఆ రెండు పుటలలో ఒకటి ఇల్లు, ఒకటి పొరుగు. తండా బిడ్డకు రెండూ పొరుగే. తన ఇంటికి ఆ పుస్తకంలో పుట లేదు. ఆంగ్లం వద్దనడం ఈ తల్లిదండ్రులకు అన్యాయం. వారు కోరుతున్నది తమ బిడ్డ ఉద్యోగస్థుడు కావడమే. కాని పునాది లేని గోడకు ఎత్తు పెంచినకొద్దీ ప్రమాదం పెరుగుతుందని ఆనకట్ట కట్టిన ఈ నేలలో వేరుగా చెప్పనక్కరలేదు. పుస్తకంలో లేని ఆ మూడవ పుటను ఉపాధ్యాయుడే పూరించవలె. ప్రతి పాఠానికి ముందు అయిదు నిమిషాలు గోర్ బోలీలో మాటామంతీ, ఆ తరువాత తెలుగు పాట, ఆ తరువాతనే పుస్తకం అన్న వరుసకు ఏ అధికారి అనుమతీ అక్కరలేదు, పైసా ఖర్చూ లేదు.

తండా పెద్దలలో కొందరికి ఒక భయం ఉన్నది. బడిలో తెలుగు వచ్చిన బిడ్డ ఇంట్లో గోర్ బోలీ మాట్లాడడానికి సిగ్గుపడుతున్నాడని, ముసలివారి పాటలు వినేవారు లేకపోతున్నారని వారి దిగులు. లిపి లేని భాషకు నోరే గ్రంథాలయం. వినేవారు తగ్గితే ఆ గ్రంథాలయం మూతబడుతుంది. తెలుగు నేర్పడానికి తండా పాటను కాలదన్నిన బడి, బిడ్డకు ఒక మాట ఇచ్చి ఒక మాట లాక్కొంటున్నది. అది చదువు కాదు, మారకం.

కనుక తెలుగు నేర్పదలచిన ఉపాధ్యాయుని మొదటి పాఠం బడిలో జరిగేది కాదు. ఒక సాయంకాలం తండాకు వెళ్ళి, వేపచెట్టు కింద కూర్చొని, ఒక పాట అడగడమే ఆ పాఠం. నీటిని పాణి అని, తల్లిని యాడి అని, తాను తప్పుగా పలికితే పిల్లలు పకపక నవ్వుతారు. నవ్వనివ్వండి. పరభాష ముందు తడబడడం ఎట్లా ఉంటుందో ఆ గంటలో గురువుకు తెలుస్తుంది. మరునాడు తరగతిలో తడబడే బిడ్డను చూసినప్పుడు ఆ గురువు చేయి బెత్తంవైపు పోదు, తాళం వైపు పోతుంది.